ముదగల్ కోటలో ఇద్దరు బందీలు

1443: ఒక హత్యాప్రయత్నం, ఒక రాయబారం, మూడు యుద్ధాలు, ఒక సంధి

పెద్దకొడుకు యుద్ధంలో కూలిపోయాడు. చెదిరిన సైన్యం ముదగల్ కోటలోకి వచ్చి పడింది. ఆ తొక్కిసలాటలో వెంటతరుముతూ లోపలిదాకా దూసుకొచ్చిన శత్రు సేనానులిద్దరు కోటలోనే చిక్కిపోయారు. బయట బహమనీ సేన, లోపల విజయనగర సేన. విజయనగరాన్ని ఏలుతున్నవాడు రెండో దేవరాయలు, మన సాహిత్యంలో ప్రౌఢదేవరాయలు. కొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి చేతిలో ఇప్పుడు ఇద్దరు బందీలున్నారు.

బహమనీ సుల్తాను అలాఉద్దీన్ అహ్మద్ షా నుంచి లేఖ వచ్చింది. ఆ ఇద్దరిలో ఒక్కొక్కరి ప్రాణం తనకు లక్షమంది ప్రాణాలతో సమానమనీ, వాళ్లకేమైనా జరిగితే ఒక్కొక్కరికి లక్షమంది చొప్పున బదులు తీర్చుకుంటాననీ దాని సారాంశం. దేవరాయలు ఆ ఇద్దరినీ చంపలేదు. వదిలిపెట్టాడు. కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు, ఏనుగులు పంపాడు. ఇకమీద తన రాజ్యం జోలికి రాకూడదని సుల్తాను దగ్గర మాట తీసుకున్నాడు. సుల్తాను బదులుగా ఖిల్లతులూ (గౌరవ వస్త్రాలు), జీను కట్టిన గుర్రాలూ పంపించాడు. యుద్ధం ముగిసింది.

580 ఏళ్లు దాటిన ఈ సంగతిని ఈ ఆదివారం ముఖచిత్రానికి ఎక్కించడానికి కారణం ఉంది. రాజ్యాల మధ్య మాట ఎలా పుడుతుంది, ఎలా నిలుస్తుంది, ఎందుకు తెగుతుంది అనేవి ఒక్క ఏడాదిలో, ఒక్క ఊరి చుట్టూ ఇంత స్పష్టంగా కనబడే సందర్భం దక్కన్ చరిత్రలో అరుదు. హెరాత్ నుంచి హంపి దాకా, బీదర్ నుంచి కోళిక్కోడ్ దాకా ఆ ఏడాది నడిచిన దౌత్యమంతా చివరికి ముదగల్ గోడల దగ్గరికే వచ్చి తేలింది.

నడిగడ్డ కోసం

గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మనవాళ్లు నడిగడ్డ అంటారు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో నేల. ఆ నేలే పడమటికి సాగితే రాయచూరు, మాన్వి, సింధనూరు, లింగసుగూరు, ముదగల్. చరిత్ర పుస్తకాల్లో రాయచూరు అంతర్వేది అని చదువుకున్నది దీన్నే. రాయచూరు కోటలో 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కాకతీయుల సామంతుడు గోరె గన్నయరెడ్డి కాలంలో ఆ కోట కట్టించిన వైనం అందులో చెక్కారు. 1956 దాకా ఈ జిల్లా మన హైదరాబాద్ సంస్థానంలోనూ, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలోనూ భాగం. రాయచూరు బజారులో ఈరోజుకీ తెలుగు వినపడుతుంది.

నల్లరేగడి నేల, రెండు నదులు, కోటలు కట్టుకోవడానికి రాతిగుట్టలు. బంగారు గనులున్న హట్టి కూడా ముదగల్ ఉన్న లింగసుగూరు తాలూకాలోదే. తుంగభద్రకు దక్షిణాన విజయనగరం, కృష్ణకు ఉత్తరాన బహమనీలు. ఇద్దరికీ ఇది గుమ్మంలాంటి చోటు. ఎవరి చేతిలో ఉంటే రెండోవాడికి నిద్ర ఉండదు. అందుకే పద్నాలుగో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం దాకా ముదగల్ పేరు రాకుండా ఈ రెండు రాజ్యాల కథ చెప్పడం కుదరదు.

కొత్త ఇంట్లో విందు

కథ విజయనగరంలోనే, దేవరాయల సొంత ఇంటివాళ్లతోనే మొదలైంది. 1442 చివరికీ 1443 ఏప్రిల్‌కీ మధ్య ఎప్పుడో రాజు తమ్ముడు కొత్తగా ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి రాజునీ ప్రముఖులనీ పిలిచాడు. డప్పులూ బూరలూ హోరెత్తుతుండగా అతిథులను ఒక్కొక్కరినే లోపలికి పిలిపించి చంపించాడు. బయటున్నవాళ్లకు ఆ హోరులో కేక కూడా వినపడలేదు. తర్వాత రాజు దగ్గరికి వెళ్లి కత్తితో పొడిచాడు. దేవరాయలు సింహాసనం వెనక పడిపోయాడు. చచ్చాడనుకుని తమ్ముడు బయటికొచ్చి తానే రాజునని చాటుకున్నాడు. రాజు బతికి బయటపడ్డాడు. తమ్ముడు జనం చేతిలో చచ్చాడు. ఆ విందులో రాజ్యానికి పట్టుకొమ్మల్లాంటివాళ్లు ఎంతోమంది పోయారు. ప్రధాన దండనాయకుడు ఆ సమయానికి సింహళం వైపు వెళ్లి ఉండడం వల్ల దక్కాడు. చరిత్రకారులు అతణ్ని లక్కన్న దండనాయకుడిగా గుర్తించారు.

ఆ వార్త బీదర్ చేరింది. పొరుగింట్లో కల్లోలం చూసి అలాఉద్దీన్ 7 లక్షల వరహాలు కట్టమని కబురు పెట్టాడు. గాయం నుంచి అప్పుడే కోలుకుంటున్న రాజుకు అది మరో పోటు. అతను ఒప్పుకోలేదు, సరిహద్దు మీదికి సేనల్ని పంపాడు.

ఈ వివరాలన్నీ మనకు చెప్పినవాడు విజయనగరం మనిషి కాదు, బీదర్ మనిషీ కాదు. అతను అప్పుడే ఆ నగరంలో అడుగుపెట్టిన విదేశీ రాయబారి.

హెరాత్ నుంచి వచ్చినవాడు

అబ్దుర్ రజాక్ సమర్కందీకి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. తైమూర్ కొడుకు షారుఖ్ హెరాత్‌లో కొలువుతీరి ఇరాన్‌నూ మధ్యాసియాలో పెద్దభాగాన్నీ ఏలుతున్నాడు. 1442 జనవరిలో అతను రజాక్‌ను కోళిక్కోడ్ పాలకుడైన సామూద్రి దగ్గరికి రాయబారిగా పంపాడు. హోర్ముజ్‌లో ఓడ ఎక్కగానే ఆ ఓడ వాసనకే మూడురోజులు స్పృహ లేకుండా పడి ఉన్నానని రాసుకున్నాడు. గాలి అనుకూలించక మస్కట్ తీరంలో ఎండకు మాడి, ఆ నవంబరులో కోళిక్కోడ్ చేరాడు. ఎక్కడివాడి సరుకైనా అక్కడ భద్రంగా ఉంటుందని రేవును మెచ్చుకున్నాడు కానీ, సామూద్రి కొలువులో తనకు దక్కిన ఆదరం అతనికి నచ్చలేదు. నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు.

అంతలో విజయనగరం నుంచి కబురొచ్చింది: ఆ దూతను వెంటనే మా దగ్గరికి పంపండి. సామూద్రి విజయనగరానికి సామంతుడు కాడు. అయినా కాదనే ధైర్యం అతనికి లేకపోయిందని రజాక్ రాశాడు. మంగళూరు దాకా సముద్రం మీద, అక్కడినుంచి కనుమలెక్కి బిదనూరు మీదుగా, 1443 ఏప్రిల్ చివర్లో అతను విజయనగరం చేరాడు. ఏడు ప్రాకారాలు, గులాబీలమ్మే వీధులు, నడిబజారులో ముత్యాలూ కెంపులూ పోసి అమ్ముకునే వ్యాపారులు. ప్రపంచంలో అలాంటి నగరాన్ని చూసిన కన్నులేదు, విన్న చెవిలేదన్నంతగా పొంగిపోయాడు.

కొలువులో రాజు ఎలా ఉన్నాడో కూడా చెప్పాడు. నలభై స్తంభాల మంటపం, చామనఛాయ, పొడుగాటి మనిషి, పడుచు వయసు, మెడలో ముత్యాల హారం. దూత 5 గుర్రాలు, రెండు పళ్లాల్లో తొమ్మిదేసి పట్టుబట్టలు సమర్పించాడు. ఖురాసాన్ చలికి కుట్టించుకున్న దుస్తుల్లో, ఆ వేడిలో అతను చెమటతో తడిసిపోతుంటే చూసి రాజుకు జాలేసింది. తన చేతిలోని చైనా విసనకర్రను అతనికిచ్చాడు. దౌత్యం గురించి ఎన్ని గ్రంథాలు చదివినా నాకు ఈ విసనకర్ర దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. కొన్ని నెలల కిందట సొంత తమ్ముడి కత్తికి రాలిపోబోయిన మనిషి, ఊరుగాని ఊరు నుంచి వచ్చినవాడి చెమటను గమనించగలిగాడు. ముదగల్‌లో అతను చేయబోయే పనికి ఇది ముందుమాటలా కనిపిస్తుంది.

దూతకు రోజువారీ ఖర్చు కట్టారు: 2 గొర్రెలు, 4 జతల కోళ్లు, 5 మణుగుల బియ్యం, మణుగు వెన్న, మణుగు చక్కెర, 2 బంగారు వరహాలు. వారానికి రెండుసార్లు రాజు సాయంత్రం పిలిపించి ఖాకాన్ సయీద్ (షారుఖ్) సంగతులడిగేవాడు. వెళ్లేటప్పుడు తాంబూలం, కర్పూరం, పణాల సంచీ. మీరూ మేమూ కలిసి తినే వీలులేదు కనుక ఈ సంచీయే మా విందు అనుకోమని దుబాసీతో చెప్పించాడట. సాటి పంక్తిలో కూర్చోలేని ఆచారాన్ని దాచకుండా, దానివల్ల అతిథికి లోటు రాకుండా చూసుకున్న పద్ధతి అది.

ఈ ఆదరం ఊరికే పుట్టలేదు. హెరాత్‌తో స్నేహం అంటే హోర్ముజ్ రేవుతో స్నేహం. హోర్ముజ్ అంటే గుర్రాలు. దక్కన్ నేలమీద మంచి యుద్ధాశ్వం పుట్టదు. అరబ్బు, పారశీక గుర్రాలు ఓడలమీద పడమటి రేవులకు దిగాలి. బహమనీ ఆశ్వికదళం, గుర్రం మీదినుంచే బాణం వేయగల దాని విలుకాళ్లు దేవరాయలకు ఎప్పుడూ ఒక బెంగే.

రెండు నోళ్లు చెప్పిన ఒకే యుద్ధం

ఇక్కడ మనకు రెండో సాక్షి వస్తాడు. ఫెరిష్తా. ఇతను బిజాపూర్‌లో ఆదిల్‌షాహీల కొలువులో, పదిహేడో శతాబ్దం మొదట్లో తన చరిత్ర రాశాడు. అంటే యుద్ధానికీ అతని కలానికీ మధ్య నూటయాభై ఏళ్ల పైచిలుకు దూరం. 7 లక్షల వరహాల మాట అతను ఎత్తడు. అతని లెక్కలో దండెత్తినవాడు దేవరాయలే.

బహమనీలు మనమీద ఎందుకు గెలుస్తున్నారని దేవరాయలు సభ తీర్చి అడిగాడట. విధి అన్నారు కొందరు. గుర్రాలూ, విలుకాళ్లూ అన్నారు మరికొందరు. రాజు రెండోమాట పట్టుకున్నాడు. ముస్లిం సైనికుల్ని కొలువులోకి తీసుకుని జాగీర్లిచ్చాడు, నగరంలో మసీదు కట్టించాడు, వాళ్లు సలాం చేసేటప్పుడు మనసుకు కష్టం లేకుండా సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడు అని ఫెరిష్తా చెబుతాడు. రాసినవాడు వైరిపక్షపు కొలువులోనివాడైనా, ఈ మాట నమ్మదగిందే. హంపిలో 1439 నాటి శాసనమొకటి, అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి దేవరాయల పుణ్యం కోసం ధర్మశాల కట్టించాడని చెబుతోంది. ఆ కట్టడం మసీదు. హంపి వెళ్లినవాళ్లు ఇప్పటికీ చూడొచ్చు.

ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా కుదించేవాళ్లు ఈ వరసను చూడాలి. అంతకు కొన్నేళ్ల ముందు అలాఉద్దీన్ సొంత తమ్ముడు మహమ్మద్ ఖాన్ తిరగబడి, దేవరాయల సాయంతోనే ముదగల్‌నూ రాయచూరునూ పట్టుకున్నాడు. ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా వంశానికి చెందిన ఫతేఖాన్ విజయనగరంలో తలదాచుకున్నాడు. ఇటు దేవరాయల ప్రాణం తీయబోయింది సొంత తమ్ముడు.

1443లో విజయనగర సేన తుంగభద్ర దాటి ముదగల్ పట్టుకుంది. రాజకుమారులు రాయచూరునూ బంకాపురాన్నీ ముట్టడించారు. దండు కృష్ణ ఒడ్డున విడిసి సాగర్, బిజాపూర్ దాకా ఊళ్లు కొల్లగొట్టింది. అలాఉద్దీన్ తెలంగాణ, దౌలతాబాద్, బేరారు సేనల్ని బీదర్‌కు రప్పించుకుని కదిలాడు. ఫెరిష్తా ఇచ్చే సైన్యాల అంకెలు ఆనాటి అలవాటు ప్రకారం ఉబ్బినవి, వాటిని వదిలేద్దాం. రెండు నెలల్లో మూడు యుద్ధాలు జరిగాయి. మొదటిదాంట్లో పైచేయి విజయనగరానిది. మూడోదాంట్లో దేవరాయల పెద్దకొడుకు బల్లెం పోటుకు చనిపోయాడు. ఆ తర్వాతి సంగతే ఈ కథనం మొదట్లో చెప్పుకున్నది.

మరి రజాక్ ఏం రాశాడు? దండనాయకుడు గుల్బర్గా సీమమీదికి వెళ్లి, దోచుకుని, బందీల్ని పట్టుకుని తిరిగొచ్చాడని మాత్రమే. ఓటమి లేదు, కప్పం లేదు, రాకుమారుడి చావు లేదు. రాజధానిలో కూర్చున్న విదేశీ దూతకు ఏ వార్త చేరాలో ఆ వార్తే చేరింది కాబోలు. ఈ రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి 1900లో విజయనగర చరిత్ర రాసిన రాబర్ట్ సీవెల్, ఇవి ఒకే యుద్ధానివని తేల్చాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. గెలుపు చెప్పుకున్నవాడూ నష్టపోయాడు, కప్పం తీసుకున్నవాడూ నష్టపోయాడు. కొల్లబోయింది మాత్రం కృష్ణ ఒడ్డు ఊళ్లు. వాటి పేర్లు ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

ఆ లక్ష అంకె ఎక్కడిది?

బెదిరింపు లేఖలో లక్షమంది అన్న మాట యాదృచ్ఛికం కాదు. అది మా తాతలనాటి నియమం అని సుల్తాను గుర్తుచేశాడు. ఆ నియమం పుట్టింది కూడా ముదగల్ దగ్గరే.

1366. గుల్బర్గాలో మొదటి మహమ్మద్ షా, విజయనగరంలో బుక్కరాయలు. ఢిల్లీ నుంచి వచ్చిన గాయకుల పాటకు మురిసిపోయిన సుల్తాను, వాళ్ల బహుమానం విజయనగరం ఖజానా చెల్లించాలని చీటీ రాసిచ్చాడని ఫెరిష్తా కథ. బుక్కరాయలు ఆ చీటీ తెచ్చినవాణ్ని గాడిదనెక్కించి ఊరేగించాడు. అంతటితో ఆగక తుంగభద్ర దాటి ముదగల్ పట్టుకుని, కోటలోని వందలమంది కాపలాదళాన్ని నరికించాడు. ఒక్కడు తప్పించుకుని వెళ్లి చెబితే, తోటివాళ్ల చావు చూసి బతికొచ్చినవాడి మొహం చూడలేనంటూ సుల్తాను అతణ్నీ చంపించాడు. లక్షమంది తలలు తీసేదాకా కత్తి ఒరలో పెట్టనని ఒట్టేసుకున్నాడు. తర్వాత జరిగిన సంహారంలో పసివాళ్లను కూడా వదల్లేదు.

చివరికి విజయనగర రాయబారులు వెళ్లి ఒక మాట అడిగారు. మీ ఒట్టు తీరింది. మనం ఇరుగుపొరుగుగా ఎన్నాళ్లో ఉండాలి. ఆయుధం పట్టనివాళ్లనూ చిక్కినవాళ్లనూ ఇకమీద ఇరుపక్షాలూ చంపకూడదని నియమం పెట్టుకుందాం. సుల్తాను ఒప్పుకున్నాడు. గాయకుల బాకీ కూడా రాయబారులు అక్కడికక్కడే తీర్చేశారు. అప్పటినుంచి దక్కన్‌లో బందీలను చంపకపోవడం ఆచారమైందని ఫెరిష్తా రాశాడు. ఆ ఆచారాన్ని తర్వాతివాళ్లు ఎన్నిసార్లు మీరారో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. అయినా యుద్ధఖైదీ ప్రాణానికి రక్షణ ఉండాలన్న ఒప్పందం జెనీవాకు ఎంతో ముందే తుంగభద్ర, కృష్ణల నడుమ ఒకటి పుట్టింది. దాన్ని అడిగి తీసుకొచ్చిన ఆ రాయబారుల పేర్లు మనకు దక్కలేదు.

1443 నాటి లేఖను ఈ వెలుగులో చదవాలి. పైకి అది బెదిరింపు. లోపల రెండు కొలువులకూ గుర్తున్న పాత ఒప్పందపు జ్ఞాపకం ఉంది. నియమం నువ్వు తప్పితే నేనూ తప్పుతాను, అప్పుడు మళ్లీ 1366. దేవరాయలకు అది అర్థమైంది. కొడుకు చనిపోయిన కోపంలో ఇద్దరు బందీల తలలు తీయడం ఆ కాలపు రాజుకు కష్టమైన పని కాదు, ఎవరూ తప్పుపట్టేవారూ కాదు. అతను తీయలేదు. భయపడ్డాడని కొందరు అంటారు. తన జనం కోసం భయపడటం రాజుకు చిన్నతనం కాదని నేనంటాను.

మన తెలుగువాళ్లకు ప్రౌఢదేవరాయలనగానే ముత్యాలశాల గుర్తొస్తుంది. గౌడ డిండిమభట్టును శ్రీనాథుడు ఓడించడం, కనకాభిషేకం గుర్తొస్తాయి. అవి గుర్తుండాల్సినవే. వాటి పక్కన ఈ ఇద్దరు బందీల విడుదలకు కూడా మన పాఠాల్లో ఒక పేరా దక్కాలి.

ఏడాది చివర

దండనాయకుడు సరిహద్దు మీద ఉన్న రోజుల్లో విజయనగరంలో రజాక్‌కు గడ్డుకాలం వచ్చింది. అతను అసలు రాయబారే కాడు, షారుఖ్ పంపినవాడు కాడని హోర్ముజ్ వర్తకులు పుకారు లేపారు. తాత్కాలిక మంత్రి అతని రోజువారీ ఖర్చు ఆపేశాడు. దండనాయకుడు తిరిగొచ్చాక మర్యాద మళ్లీ దక్కింది. ఆ శరత్తులో మహానవమి వేడుకల్ని, ఏనుగుల బారులనీ అంతస్తుల మంటపాలనీ చూసి రాసింది ఇతనే. సెలవిచ్చేటప్పుడు రాజు ఆ పుకారును దాచలేదు. నువ్వు నిజంగా ఆ పాదుషా దూతవని తేలితే మళ్లీ వచ్చినప్పుడు ఇంకా గొప్పగా చూసుకుంటామన్నాడు.

1443 డిసెంబరు 5న రజాక్ బయల్దేరాడు. అతనితోపాటు హెరాత్‌కు విజయనగరం తరఫున కానుకలతో వెళ్లిన దూతలు ఖ్వాజా మసూద్, ఖ్వాజా మహమ్మద్. ఇద్దరూ ఖురాసాన్ మూలాలున్న ముస్లింలు. 1444 జనవరిలో హొన్నావర్ దగ్గర ఓడ ఎక్కి, ఏప్రిల్‌లో హోర్ముజ్ చేరారు.

అదే కాలంలో ఐరోపాలో హంగేరీ సేనలు ఒట్టోమన్ల మీదికి వెళ్లాయి. 1444 వేసవిలో సెగెద్‌లో పదేళ్ల సంధికి ప్రమాణాలు చేశారు. ఆ ఏడాదే మాట తప్పి మళ్లీ దండెత్తిన హంగేరీ రాజు నవంబరు 10న వార్నా యుద్ధంలో చనిపోయాడు. ముదగల్ సంధికి అంత చెడ్డ గతి పట్టలేదు. 1446లో దేవరాయలు కన్నుమూసేదాకా నడిగడ్డ కోసం మరో పెద్ద యుద్ధం నమోదు కాలేదు. మూడేళ్లు చిన్నకాలమే అనిపించొచ్చు. మూడు పంటలు ఇంటికి చేరడానికి అది సరిపోతుంది.

తర్వాత 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచాడు, 1565తో విజయనగరానికి ఈ నేల దూరమైంది. ముదగల్ ఆదిల్‌షాహీలకూ మొఘలులకూ నిజాములకూ చేతులు మారింది. ఇప్పటి కోటలో కనబడే కట్టుబడిలో ఎక్కువభాగం ఈ తర్వాతి కాలాలదే. ఊరు మాత్రం ఇప్పుడు మొహర్రంకు పేరు మోసింది. అలాయిల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి, చుట్టుపక్కల జిల్లాల నుంచి వేలమంది చేరతారు.

మనవాళ్లు హంపి వెళ్తారు, విరూపాక్షుణ్నీ విఠల మంటపాన్నీ చూసి తిరిగొస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కరోజు ఎక్కువ పెట్టుకోండి. తుంగభద్ర దాటి ఉత్తరానికి, కుష్టగి దారిన వెళితే ముదగల్ వస్తుంది. కందకం పక్కన నడిచి కోట గుమ్మంలోంచి లోపలికి వెళ్లండి. పిల్లలు వెంట ఉంటే 1520 కన్నా ముందు 1443 గురించి చెప్పండి.